గులాబి రంగు గింజ: విత్తన శుద్ధి చేసేదేమిటి, చేయలేనిదేమిటి

బెంగళూరులో హెబ్బాళ దగ్గర మేముండే అపార్ట్‌మెంటులో పై అంతస్తు వాళ్ళకు హిందూపురం వైపు కొంత ఎర్రనేల ఉంది. తొలకరికి ఊరికి వెళ్ళి వేరుశనగ విత్తి వచ్చేటప్పుడు, మిగిలిన నాలుగు కిలోల గింజలను పారెయ్యడానికి మనసొప్పక సంచిలో వేసుకుని తెచ్చుకున్నారు. ఆ ఇల్లాలు పిడికెడు గింజలు తెచ్చి మా బల్ల మీద పోసి, "అన్నా, రంగు పూసినట్టుంది గానీ గింజ గట్టిగా ఉంది. రెండు మూడు నీళ్ళు పోసి కడిగితే చట్నీకి పనికొస్తాయి కదా?" అని అడిగింది. గింజలు మామూలు ఎరుపు మీద ముదురు గులాబి పూతతో మెరుస్తున్నాయి. వాటిని తాకిన వేళ్ళకు కూడా రంగంటింది.

పనికిరావని చెప్పడానికి ఒక్క మాట చాలింది. ఎందుకు పనికిరావో, అసలు ఆ రంగు కింద ఏముందో చెప్పబోయేసరికి, ఏటా రైతుల చేత చేయించే ఈ పని చుట్టూ ఎన్ని అపోహలున్నాయో నాకే తెలిసివచ్చింది. వాటిలో మొదటిది ఆ పేరులోనే ఉంది. "శుద్ధి" అనగానే మురికి కడగడం గుర్తొస్తుంది. నిజానికి విత్తన శుద్ధి పేరుతో జరిగేవి నాలుగు వేర్వేరు పనులు. గింజతో పాటు వచ్చే తెగులును చంపడం ఒకటి, నేలలో పొంచి ఉన్న తెగులు, పురుగు గింజను పట్టకుండా కాపలా పెట్టడం రెండోది, మేలు చేసే సూక్ష్మజీవులను గింజకు అంటించి పంపడం మూడోది, గింజను నానబెట్టి లేదా నిద్రావస్థ తొలగించి మొలకెత్తడానికి సిద్ధం చేయడం నాలుగోది. ఈ నాలుగింటిలో శుద్ధి అనదగ్గది మొదటిదొక్కటే. మిగిలిన మూడింటినీ అదే మాట కింద చేర్చడం వల్ల, ఏదో ఒక మందు పట్టిస్తే నాలుగు పనులూ అయిపోతాయన్న నమ్మకం స్థిరపడిపోయింది.

గింజతో వచ్చే తెగులుకు జొన్నలో వచ్చే గింజ కాటుక తెగులు మంచి ఉదాహరణ. దాని బీజాలు గింజ పైపొర మీద పొడిలా అంటుకుని ఉంటాయి, మొలకతో పాటు మేల్కొంటాయి. అందుకే కిలో విత్తనానికి నాలుగైదు గ్రాముల గంధకం పట్టిస్తే ఆ తెగులు చాలావరకు అదుపులోకి వచ్చేస్తుంది. పైన ఉన్న శత్రువుకు పైన పూసిన మందు సరిపోయింది. గోధుమలో వచ్చే ఒక రకం కాటుక తెగులు అలా కాదు. ఆ శిలీంధ్రం గింజ లోపలి పిండంలోనే నిద్రపోతుంది కాబట్టి, పైన ఏ పొడి పూసినా దానికి తగలదు. 1934లో పంజాబులో లూథ్రా అనే శాస్త్రవేత్త దీనికి ఖర్చు లేని ఉపాయం చూపించాడు. ఎండాకాలం ఉదయం గింజలను నాలుగు గంటలు నీళ్ళలో నానబెడితే లోపలి శిలీంధ్రం మేల్కొంటుంది, తరువాత మిట్టమధ్యాహ్నపు ఎండలో పలచగా ఆరబోస్తే ఆ వేడికి అది చస్తుంది, గింజ మాత్రం బతుకుతుంది. మొక్క లోపలికంతా పాకే అంతర్వాహిక మందులు రాకముందు ఇదొక గొప్ప పరిష్కారం. పూత మందు దుకాణంలో అమ్మేవాళ్ళు శత్రువు గింజ పైనుందా, లోపలుందా, నేలలో ఉందా అని అడగరు. రైతు మాత్రం ముందుగా అడగవలసింది అదే.

ఇక వేరుశనగ. మన గులాబి రంగు కథ ఇక్కడే ముదురుతుంది. ఎర్రనేలల్లో వర్షాధారంగా వేసే ఈ పంటలో దిగుబడి సగం మొదటి ఇరవై రోజుల్లోనే తేలిపోతుంది. సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు పెడితే చదరపు మీటరుకు 33 మొక్కలు, ఎకరాకు లక్షా ముప్ఫై అయిదు వేల మొక్కలు నిలవాలి. నూరు గింజలు 40 గ్రాములు తూగే రకమైతే, వేసిన ప్రతి గింజా మొలిచినా ఎకరాకు 54 కిలోల గింజలు కావాలి. మొలక 80 శాతమే ఉంటే 67 కిలోలు, ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వేరుశనగకు కనీస హద్దు అయిన 70 శాతమే ఉంటే 77 కిలోలు. సాగు ఖర్చులో పెద్ద వాటా విత్తనానిదే అయిన పంటలో ఈ 23 కిలోల తేడా ఎంత భారమో పెట్టుబడి పెట్టిన వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పైగా వరిలాగా ఖాళీలను తరువాత పూడ్చుకోవడం ఇక్కడ కుదరదు. వాన పదునులో వేసిన గింజ మొలవకపోతే, మళ్ళీ వేద్దామనుకునేసరికి పదును ఆరిపోతుంది.

విత్తన శుద్ధి ఈ లెక్కలో ఎక్కడ పనిచేస్తుందో గమనించాలి. చచ్చిన గింజను ఏ మందూ బతికించలేదు. గోదాములో పురుగు తిన్న గింజకు, మిషనులో పైపొర ఊడి పప్పు విడిపోయిన గింజకు పూత పూయడం వృథా. మందు కాపాడేది బతికున్న గింజను, అదీ మొలిచే రోజుల్లో మాత్రమే. అందువల్ల మందు డబ్బా కొనడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. నూరు గింజలను తడి గోనెసంచిలో వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, వారం తరువాత ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. విత్తన పరీక్షా కేంద్రాల్లో నాలుగు వందల గింజలతో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం. ఈ చుట్ట విప్పినప్పుడు మొలవని గింజల మీద మసిలాంటి నల్లటి బూజు కనిపిస్తే, అది చాలావరకు ఆస్పర్జిల్లస్ నైజర్ అయి ఉంటుంది. అదే పొలంలో మొదలు కుళ్ళు తెగులుగా బయటపడుతుంది. నేలను ఆనుకుని ఉన్న కాండం నల్లబడి చివికిపోయి, మొక్క ఒక్కసారిగా వాలిపోతుంది. అది గింజ మీదా ఉంటుంది, నేలలోనూ ఉంటుంది. కిలో విత్తనానికి 1 గ్రాము టెబ్యూకొనజోల్ 2 డి.ఎస్. (గింజకు పట్టించే పొడి మందు) గానీ, 3 గ్రాముల మాంకోజెబ్ గానీ పట్టించమని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పేది ముఖ్యంగా ఈ తెగులు గురించే. ఈ పని వరకు విత్తన శుద్ధికి మించిన చవకైన దారి లేదని నా అభిప్రాయం.

అయితే ఆ కాపలా నెల రోజులకు మించి నిలవదు. వేరుశనగ ఊడలు దిగే సమయానికి వచ్చే కాండం కుళ్ళు తెగులు వేరే శిలీంధ్రం పని. నేల మట్టంలో తెల్లటి దారాలు అల్లుకుని, వాటి మీద ఆవగింజల్లాంటి ముద్దలు కనిపిస్తాయి. ఆ ఆవగింజలు నేలలో ఏళ్ళ తరబడి ఉండగలవు. ఏటేటా అదే పొలంలో అదే వేరుశనగ వేసే అలవాటు వాటికి అన్నం పెట్టి పోషించడమే. దీనికి జొన్న, సజ్జ వంటి పంటలతో మార్పిడి చేయాలి, లేదా తెగులు శిలీంధ్రాలను అణచే ట్రైకోడెర్మా విరిడె అనే మేలు శిలీంధ్రాన్ని 2 కిలోలు తీసుకుని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, కొద్దిగా తడిపి నీడలో వారం పది రోజులుంచి ఎకరా పొలంలో వెదజల్లాలి. గింజకు పూసిన మందు ఈ తెగులును ఆపలేదని చెప్పి దాన్ని తప్పు పట్టడం, గొడుగు పట్టుకున్నా కాళ్ళు తడిశాయని అలగడం లాంటిది.

ఇప్పుడు గులాబి రంగు దగ్గరకు వద్దాం. ఈ గింజల మీద అది శిలీంధ్రనాశినితో వచ్చింది కాదు, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందుతో వచ్చింది. వేరుశనగ గింజ మీదకు ఈ మందు ఇంత విస్తృతంగా ఎలా చేరిందో తెలుసుకోవాలంటే బెంగళూరు నుంచి హైదరాబాదు రహదారి మీద వంద కిలోమీటర్ల దూరంలో, తెలుగు, కన్నడం రెండూ ఒకే నోట పలికే బాగేపల్లికి వెళ్ళాలి. 1997లో ఆ చుట్టుపక్కల పొద్దుతిరుగుడు చేలు ఆకులు మాడి, మొవ్వు వంకరపోయి ఎండిపోయాయి. మూడేళ్ళ తరువాత, 2000 ఖరీఫ్‌లో, అనంతపురం జిల్లాలో సుమారు రెండు లక్షల పాతిక వేల హెక్టార్ల వేరుశనగ అదే తీరున దెబ్బతింది. నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటింది. రెండు చోట్లా కారణం ఒకే వైరస్ అని తేలింది. ఆ వైరస్ వయ్యారిభామ కలుపు మొక్కలో పైకి ఏ లక్షణమూ లేకుండా బతుకుతుంది. దాని పుప్పొడి మీద ఎక్కి, తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ ఆకు మీదకు వస్తుంది. పురుగు ఆకును గీకిన గాయంలో పుప్పొడి పడితే చాలు. ఒక మొక్క నుంచి ఇంకొక వేరుశనగ మొక్కకు ఇది సులువుగా పాకదు. అంటే పొలం గట్టు మీది కలుపే అసలు పుట్టిల్లు.

దీనికి సిఫారసు చేసిన విరుగుడులో మూడు భాగాలున్నాయి. పూతకు రాకముందే వయ్యారిభామను పీకెయ్యాలి, పొలం చుట్టూ నాలుగు వరుసల జొన్న గానీ సజ్జ గానీ అడ్డుగోడగా వేయాలి, తామర పురుగులు తొలి వారాల్లో రాకుండా కిలో విత్తనానికి 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. (గింజకు పూసే ద్రవ మందు) పట్టించాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ నలుగురూ కలిసి చేయవలసినవి, ఎవరూ డబ్బాలో పోసి అమ్మలేనివి. మూడోది డబ్బాలో దొరుకుతుంది. ఊళ్ళల్లో ఏది మిగిలిందో, ఏది మరుగున పడిందో మీరే ఊహించుకోవచ్చు. గట్టు నిండా తెల్లటి పూలతో వయ్యారిభామ ఊగుతూ ఉండగా, లోపల గులాబి రంగు విత్తనం పడుతున్న పొలాలు ఆ రహదారి పొడుగునా కనిపిస్తాయి.

విత్తన శుద్ధి వల్ల పొలంలో పడే మందు తగ్గుతుందన్న మాట తరచూ వింటాం. పిచికారీ చేస్తే ఎకరమంతా తడవాలి, గింజకు పూస్తే గింజకే పరిమితం కదా అన్నది ఆ వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కాగితం మీద లెక్క వేస్తే పంటను బట్టి మారిపోతుంది. ఎకరాకు 60 కిలోల వేరుశనగ గింజలే అనుకుందాం. కిలోకు 2 మిల్లీలీటర్ల చొప్పున 120 మిల్లీలీటర్ల మందు పడుతుంది. లీటరులో 600 గ్రాముల అసలు మందు ఉండే ఆ ద్రావణంలో, 120 మిల్లీలీటర్లంటే 72 గ్రాములు. అదే మందును 17.8 శాతం ఎస్.ఎల్. (నీటిలో కలిసే ద్రవం) రూపంలో లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్ల చొప్పున 200 లీటర్ల నీటిలో కలిపి ఒకసారి పిచికారీ చేస్తే ఎకరాకు పడేది సుమారు 12 గ్రాములు. అంటే ఒక పిచికారీకి ఆరు రెట్ల మందు గింజ ద్వారా నేలలోకి వెళ్ళిందన్నమాట. ఎకరాకు రెండు మూడు కిలోల విత్తనమే పట్టే కందికి గానీ, రాగికి గానీ ఏ పూత మందు లెక్క వేసినా తక్కెడ పూర్తిగా ఆ వాదన వైపే తిరుగుతుంది. టెబ్యూకొనజోల్ 2 డి.ఎస్.లో అసలు మందు రెండు శాతమే కాబట్టి, 60 కిలోల వేరుశనగకు కూడా అది గ్రామున్నర లోపే. 75 శాతం పొడి రూపంలోని మాంకోజెబ్ అయితే 135 గ్రాములు. "విత్తన శుద్ధి" అనే ఒకే పేరు కింద ఇన్ని తేడాలున్నప్పుడు, దాన్ని మొత్తంగా మెచ్చుకోవడం గానీ, మొత్తంగా తిట్టడం గానీ అర్థం లేని పని.

ఆ 72 గ్రాముల్లో మొక్క లోపలికి వెళ్ళేది ఎంత? వివిధ పంటల మీద చేసిన కొలతల్లో అది సుమారు 2 నుంచి 20 శాతం మధ్య ఉంది. మిగిలినదంతా మట్టిలో ఉండిపోతుంది, నేల స్వభావాన్ని బట్టి నెలల తరబడి, కొన్ని చోట్ల ఏడాదికి పైగా నిలుస్తుంది. వాన నీటితో జారి వాగుల్లోకి, చెరువుల్లోకి చేరుతుంది. పైకి తేలిన గింజలను ఏరుకు తినే పిట్టల కడుపులోకి కూడా వెళ్తుంది. 2008లో జర్మనీలో రైన్ నది ఎగువ ప్రాంతంలో, ఇదే కుటుంబానికి చెందిన మందు పట్టించిన మొక్కజొన్న విత్తనాన్ని గాలి ఒత్తిడితో పనిచేసే యంత్రాలతో విత్తినప్పుడు, పూత సరిగా అంటుకోక దుమ్ముగా లేచి చుట్టుపక్కల పూల మీద పడింది. వేల కొద్దీ తేనెటీగల పట్టులు దెబ్బతిన్నాయి. ఐరోపా సమాఖ్య 2013లో ఈ మందుల మీద ఆంక్షలు పెట్టి, 2018లో ఇమిడాక్లోప్రిడ్ సహా మూడింటిని బయలు పొలాల్లో వాడకుండా నిషేధించింది. మన దగ్గర ఆ చట్టం లేదు, మన పురుగుల ఒత్తిడి వాళ్ళది కాదు. పిచికారీ మందు మనిషి ముక్కుకు, మిత్ర పురుగుల ఒంటికి తగిలే తీరు కూడా లెక్కలోకి రావాలి. కాబట్టి వాళ్ళు నిషేధించారు గనుక మనమూ మానేద్దాం అని నేను అనను. తామర పురుగులూ వైరసూ ఏటా వచ్చే చోట, వేరు పురుగు తినేసే చోట ఆ పూత వేయాలి. ఎన్నడూ చూడని చోట "ఎందుకైనా మంచిది" అని వేయకూడదు. పొద్దుతిరుగుడు లాంటి, తేనెటీగలు వాలితే తప్ప గింజ నిండని పంటలో మరింత జాగ్రత్త అవసరం.

సేంద్రియం వైపు మొగ్గినవాళ్ళు ఇక్కడ బీజామృతం మాట ఎత్తుతారు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు వైపు నాలుగెకరాలు కొనుక్కున్న మన తెలుగువాళ్ళలో దీని మీద మోజు ఎక్కువ. అయిదు కిలోల ఆవు పేడ, అయిదు లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గట్టు మీది పిడికెడు మట్టి, ఇరవై లీటర్ల నీరు. సూక్ష్మజీవులను గింజకు అంటించే మూడో పనికి ఇది ఉపకరించవచ్చు. గింజ లోపల దాగిన శిలీంధ్రాన్ని చంపే పని దీనితో అవుతుందని ఆశించకూడదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. వేరుశనగ గింజను ఇందులో ముంచి నానబెడితే పలుచటి పైపొర ఉబ్బి ఊడిపోతుంది. పొర పోయిన గింజకు మొదలు కుళ్ళు బూజు చాలా సులువుగా పడుతుంది. వరి, రాగి నానబెట్టవచ్చు. వేరుశనగకు చిలకరించి, చేతులతో మెల్లగా దొర్లించి, వెంటనే నీడన ఆరబెట్టాలి.

ట్రైకోడెర్మా లాంటి జీవ మందులకూ, రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే బాక్టీరియా) లాంటి జీవ ఎరువులకూ వచ్చేసరికి వరుసక్రమం ముఖ్యం. ముందు శిలీంధ్రనాశిని, అది ఆరాక పురుగుమందు, అదీ ఆరాక విత్తే ముందు రైజోబియం. ఈ వరుస తప్పితే బతికున్న బాక్టీరియా మీద విషం పోసినట్టే. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పట్టించిన గింజకే ట్రైకోడెర్మా కూడా పట్టించి, రెండు రకాల రక్షణ అనుకునేవాళ్ళున్నారు. ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంధ్రమే, కార్బెండజిమ్ దాన్నీ వదలదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి, లేదా ట్రైకోడెర్మాను ఎరువుతో కలిపి నేలకు ఇవ్వాలి. ట్రైకోడెర్మా కొనేటప్పుడు ప్యాకెట్టు మీద గడువు తేదీ చూడాలి, గ్రాముకు కనీసం ఇరవై లక్షల జీవకణాలు ఉన్నట్టు రాసి ఉందో లేదో చూడాలి. నగరంలో ఒక దుకాణంలో నేను కొన్న ప్యాకెట్లు వాకిట్లో ఎండలో, యూరియా బస్తా మీద పేర్చి ఉన్నాయి. గడువు ఇంకా నాలుగు నెలలుంది గానీ, ఆ వేడికి లోపల ఎన్ని బతికి ఉంటాయో దేవుడికెరుక. నవంబరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు జి.కె.వి.కె. ఆవరణలో జరిగే కృషి మేళాకు వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఈ ప్రశ్నలన్నీ అక్కడి వాళ్ళను నేరుగా అడగవచ్చు. తెలుగులో జవాబు చెప్పేవాళ్ళు దొరక్కపోరు.

పట్టించే పద్ధతి గురించి కొంచెం. ద్రవ మందును కిలో గింజలకు ఏడు మిల్లీలీటర్ల నీటి వంతున నీటిలో కలిపి, పాలిథీన్ పట్టా మీద పలచగా పోసిన గింజల మీద చిలకరించాక, పట్టా నాలుగు కొసలూ ఇద్దరు పట్టుకుని ఊయల ఊపినట్టు అటూ ఇటూ దొర్లించాలి. అన్ని గింజలకూ సమంగా రంగు పట్టిందో లేదో చూడడానికే ఆ రంగు. అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే పప్పులు విడిపోతాయి. చేతులకు తొడుగులుండాలి. ఎండలో కాకుండా నీడలో ఆరాలి. మొక్కజొన్న, పత్తి సంకర విత్తనాలు చాలావరకు కంపెనీ దగ్గరే పూతతో వస్తాయి. వాటికి ఇంట్లో మళ్ళీ పూస్తే మోతాదు రెట్టింపయి మొలక దెబ్బతింటుంది.

ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నకు మాత్రం చరిత్రలో చాలా ఖరీదైన సమాధానం ఉంది. 1971లో ఇరాక్‌కు విత్తనం కోసం గోధుమలు, బార్లీ ఓడల్లో వచ్చాయి. వాటికి పాదరసపు మందు పట్టించి, గుర్తుగా రంగు వేశారు. సరుకు చాలా చోట్లకు చేరేసరికి విత్తే అదను దాటిపోయింది. ఆకలి మీదున్న పల్లెల్లో జనం గింజలను కడిగారు. రంగు పోయింది కాబట్టి విషం కూడా పోయిందనుకుని రొట్టెలు చేసుకున్నారు. పశువులకు పెట్టి చూస్తే వెంటనే ఏమీ కాలేదు. ఆ విషం వారాల తరువాత గానీ బయటపడదు. లెక్కకు వచ్చినంతవరకు 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 459 మంది చనిపోయారు. సంచుల మీద హెచ్చరిక ఉంది, అది స్పానిష్‌లో, ఇంగ్లీషులో ఉంది. పాదరసపు మందులు ఇప్పుడు విత్తనాల మీద లేవు, ఇమిడాక్లోప్రిడ్ అంత ఘోరమైనదీ కాదు. కానీ రంగు వేరు, మందు వేరు అన్న సంగతి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మన విత్తన నిబంధనలు కూడా మందు పట్టించిన విత్తనం సంచి మీద ఆ సంగతీ, మందు పేరూ, ఆహారానికీ పశువుల మేతకూ నూనెకూ వాడరాదన్న మాటా రాయాలని చెబుతాయి. ఇంట్లో పట్టించిన గింజకు మాత్రం ఏ చీటీ ఉండదు. పాత పంచదార సంచే దాని చిరునామా.

ఆ నాలుగు కిలోలను చెత్తబండిలో వేయవద్దన్నాను. మా వీధి మలుపులో చెత్తకుప్ప దగ్గర ఆవులు తిరుగుతుంటాయి. ఆదివారం వాళ్ళాయన మళ్ళీ ఊరికి వెళ్ళేటప్పుడు తీసుకుపోయి, పిట్టలకు అందకుండా లోతుగా సాలులో వేయమని చెప్పాను. అందాకా ఉంచడానికి ఆమె మూతి బిగించిన డబ్బా ఒకటి తెచ్చింది. దాని మీద నల్ల మార్కరుతో "మందు కలిపిన విత్తనం, తినకూడదు" అని తెలుగులో రాసింది. ఒక్క క్షణం ఆగి, వంటకు వచ్చే మనిషికి తెలుగు చదవడం రాదని గుర్తొచ్చి, కింద కన్నడంలో ఎలా రాయాలో చెప్పమని వాళ్ళబ్బాయిని పిలిచింది.